రంగు వేయించకుండా కారు సొట్ట తీసుకోవడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో మేముండే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో రెండు కార్ల మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత చోటే ఉంటుంది. పక్క కారులోంచి పిల్లలు తలుపు విసురుగా తెరిచారంటే మన తలుపు మీద సొట్ట పడుతుంది. సిల్క్ బోర్డు కూడలి దగ్గర సందులోంచి దూరే బైకు హ్యాండిల్ తగిలితే ఇంకొకటి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వచ్చినప్పుడు చెట్టు కింద పెట్టిన కారు మీద కొమ్మ విరిగి పడొచ్చు, వడగళ్లు పడొచ్చు. బెంగళూరులో కారు పెట్టుకున్నాక ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు.

దగ్గర్లోని షెడ్డుకు తీసుకెళితే వినిపించే మాట ఒకటే: "డోర్ మొత్తం కొట్టేద్దాం సార్, రేపు సాయంత్రానికి ఇచ్చేస్తాం." కొట్టేయడమంటే సొట్ట మీద రంగు గీకి, పుట్టీ పెట్టి, రుద్ది, తలుపు మొత్తానికి కొత్త రంగు వేయడం. రంగు పగిలిన సొట్టకు అది తప్పదు. రంగు పగలని సొట్టకు మాత్రం అక్కర్లేదు. రేకును వెనక నుంచి నెట్టో, ముందు నుంచి జిగురుతో లాగో మళ్లీ పాత రూపానికి తేవచ్చు. దీన్నే పెయింట్‌లెస్ డెంట్ రిపేర్ అంటారు, షెడ్డుల్లో పొట్టిగా పీడీఆర్. చిన్న సొట్టలైతే మీరే ఇంట్లో తీసుకోవచ్చు. ఎలాగో వివరంగా చెబుతాను. కంగారు పడకుండా, ఒక ఆదివారం పొద్దున మొత్తం దీనికే కేటాయించగలిగితేనే మొదలుపెట్టండి.

ముందు ఫ్యాక్టరీ రంగు విలువ తెలుసుకోండి

కారు బాడీకి ఫ్యాక్టరీలో రంగు వేసేటప్పుడు దానికి సీట్లు, వైర్లు, రబ్బరు, ప్లాస్టిక్ ఏవీ ఉండవు. ఉత్త రేకు డొల్లను తుప్పు పట్టకుండా కాపాడే ద్రవంలో ముంచుతారు. తర్వాత ప్రైమర్, రంగు, పైన మెరుపు కోసం క్లియర్ కోట్. ఈ పొరలను 140 డిగ్రీలకు అటూ ఇటూ, కొన్నింటిని అంతకన్నా ఎక్కువ వేడిలో కాలుస్తారు. అన్నీ తయారై రోడ్డెక్కిన కారును మళ్లీ అంత వేడిలో పెట్టలేం, ప్లాస్టిక్, వైరింగ్ పాడైపోతాయి. అందుకే బయట మంచి పెయింట్ బూత్‌లో కూడా 60 డిగ్రీల దగ్గరే ఆరబెడతారు. ఎంత చేయి తిరిగిన పెయింటరైనా మొదటి రంగు గట్టితనాన్ని తిరిగి తేలేడు.

ఇన్ని పొరలూ కలిపినా మందం సుమారు 100 మైక్రాన్లు, అంటే ఒక జెరాక్స్ కాగితం మందం. పుట్టీ పెట్టిన చోట అది మిల్లీమీటర్లలోకి వెళుతుంది. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు రంగు మందం కొలిచే మీటరు పెట్టి చూస్తే వెంటనే దొరికిపోతుంది. ఇక ఇన్సూరెన్స్ సంగతి. రంగు వేయించడానికి క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై, వరసగా ఐదేళ్లు నిలిస్తే 50 శాతానికి చేరే తగ్గింపు అది. అరచేతి పాటి సొట్ట కోసం దాన్ని వదులుకోవడం నాకు అస్సలు నచ్చదు.

మీ సొట్ట ఏ రకమో చూడండి

బాగా కడిగిన కారు మీద టార్చిలైటును పక్కవాటుగా వేసి సొట్టను దగ్గరగా చూడండి. సాలెగూడులా సన్నటి పగుళ్లు కనిపిస్తే ఆగిపోండి. పగిలిన రంగు కిందికి నీరు దిగి తుప్పు మొదలవుతుంది కాబట్టి దానికి పెయింటరే కావాలి. పగుళ్లు లేకపోతే గోరు మెల్లగా నడపండి. గోరు తగులుకోకుండా జారిపోతే రంగు బాగున్నట్టు.

తర్వాత లోతు కాదు, వాలు చూడండి. పళ్లెంలా వెడల్పుగా, మెల్లగా లోపలికి దిగిన సొట్ట చూడటానికి పెద్దదిగా ఉన్నా తేలిగ్గా వస్తుంది. చిన్నదే అయినా సూదిగా, మడత పడినట్టు ఉంటే కష్టం, ఎందుకంటే అక్కడ రేకు సాగిపోయి ఉంటుంది. తలుపు పొడవునా ఉండే డిజైన్ గీత మీద పడిన సొట్ట, తలుపు అంచున రెండు రేకులు కలిసి మడిచిన చోట పడిన సొట్ట, ఇవి మీ మొదటి ప్రయత్నానికి పనికిరావు. కారు పైకప్పు అంచులను, అద్దాల మధ్య స్తంభాలను అసలు ముట్టుకోవద్దు. వాటి లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగులు ఉండొచ్చు.

మొదటిసారి చేసేవాళ్లకు సరైన సొట్ట ఏదంటే, తలుపు మధ్య చదునైన భాగంలోనో ఫెండర్ మీదో పడినది, రూపాయి బిళ్లకూ అరచేతికీ మధ్య సైజులో ఉన్నది, రంగు పగలనిది.

ఆ ప్యానెల్‌కు, అంటే సొట్ట పడిన తలుపుకో ఫెండర్‌కో, ఇదివరకే రంగు వేశారా అన్నది కూడా తప్పక చూడాలి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు ఫెండర్ మీద జిగురు పెట్టి లాగితే, జిగురుతో అంటించిన ప్లాస్టిక్ ట్యాబ్‌తో పాటు రూపాయి బిళ్లంత రంగు ఊడొచ్చింది. కింద తెల్లటి పుట్టీ కనిపించింది. ముందు ఓనరు ఎక్కడో రంగు వేయించి ఉన్నాడు, నేను చూసుకోలేదు. మీరు ఇలా చూసుకోండి. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి ప్యానెల్ మీద అక్కడక్కడా ఆనించండి. మిగతా చోట్ల గట్టిగా పట్టుకుని ఒక్కచోట వదులుగా ఉంటే అక్కడ పుట్టీ ఉన్నట్టు. ప్యానెల్ మొత్తం మీద ఎక్కడా అంటుకోకపోతే అది అల్యూమినియమో ప్లాస్టికో. తలుపు రబ్బరు బీడింగ్ అంచున రంగు తుంపర ఉందా, బానెట్, ఫెండర్ బోల్టుల మీద రంగు పగిలి స్పానర్ పడ్డ గుర్తులున్నాయా చూడండి. అనుమానం వస్తే జిగురు పద్ధతి వదిలేయండి. అల్యూమినియం కూడా కొత్తవాళ్లు ముట్టుకోవలసింది కాదు, స్టీలులా వెనక్కి రాదు.

సొట్ట ఎలా నిలుస్తుంది

చిన్నప్పుడు మా ఊరికి బిందెలకు సొట్టలు తీసేవాళ్లు వచ్చేవారు. ఇత్తడి బిందెను ఒళ్లో పెట్టుకుని, వంపు తిరిగిన ఇనుప కడ్డీని మూతిలోంచి లోపలికి దూర్చి, బయట చెక్క సుత్తితో తట్టేవారు. నేననుకున్నది ఏమిటంటే, గుంటను లోపలి నుంచి ఒక్క దెబ్బ కొడితే సరిపోతుందని. వాళ్లు మాత్రం గుంట చుట్టూ తడుతూ తిరుగుతుండేవారు. ఎందుకో పాతికేళ్ల తర్వాత కేఆర్ పురం దగ్గర ఒక షెడ్డులో అర్థమైంది. అక్కడ పనిచేసే హిందూపురం మేస్త్రీ నా కారు తలుపు చూసి, "గుంటతో పని లేదు సార్. ముందు గట్టు దించల్ల. గుంట దానంతట అదే లేస్తాది" అన్నాడు.

ఈ పని మొత్తానికి కీలకం ఆ మాటే. కారు బాడీ రేకు మందం 0.7 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు గుంటలో ఎక్కువ భాగం స్ప్రింగులా వంగుతుంది, వదిలేస్తే వెనక్కి రావాలనే చూస్తుంది. కానీ గుంట చుట్టూ రేకు పైకి ఉబ్బి ఒక గట్టులా మడత పడుతుంది. ఆ గట్టు మాత్రం శాశ్వతంగా వంగిన లోహం. చెరువు గట్టు నీళ్లను పట్టి ఉంచినట్టు ఆ గట్టే గుంటను లోపల పట్టి ఉంచుతుంది. గట్టు మీద తట్టి దాన్ని కిందికి దించితే, పట్టు వదిలిన గుంట కొంత తనంతట తాను లేస్తుంది, మిగిలినది మీరు లాగాలి. గట్టును వదిలేసి గుంటనే బలంగా లాగితే మధ్యలో మొటిమ లేస్తుంది, చుట్టూ పళ్లెం అలాగే ఉండిపోతుంది. ఇంట్లో ప్రయత్నించి చెడగొట్టిన సొట్టలన్నీ దాదాపు ఇలా చెడినవే.

ఏమేం కావాలి

జిగురుతో లాగే కిట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, జేసీ రోడ్డులో కారు సామాన్ల దుకాణాల్లోనూ అడగండి. అందులో రకరకాల సైజుల ప్లాస్టిక్ ట్యాబులు ఉంటాయి, కాడ ఉన్న చిన్న పుట్టగొడుగుల్లా. వాటిని పట్టి లాగే బ్రిడ్జ్ పుల్లర్ ఉంటుంది: రెండు కాళ్లు ప్యానెల్ మీద ఆనుతాయి, మధ్యలో మర తిప్పితే ట్యాబ్ పైకి వస్తుంది. కడ్డీ మీద జారే బరువును వెనక్కి గుంజి లాగే స్లైడ్ హ్యామర్ కూడా ఇస్తారు, కానీ కొత్తవాళ్లు దాన్ని పక్కన పెట్టేయండి. ఒక్క ఊపులో ఎంత బలం పడుతుందో చేతికి తెలియదు. మర తిప్పే పుల్లర్‌లో అది వేలికి తెలుస్తుంది.

గ్లూ గన్ పిల్లల క్రాఫ్ట్ పనికి వాడే చిన్నది కాకుండా 11 మిల్లీమీటర్ల జిగురు పుల్లలు పట్టేది తీసుకోండి. పుల్లలు కూడా డెంట్ పనికి అమ్మేవే కొనండి. మామూలు క్రాఫ్ట్ జిగురు చల్లారాక పట్టు చాలదు, ట్యాబ్ ఊరికే ఊడొస్తుంది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక సీసా కావాలి. రంగు మీద మైనం తీయడానికీ, పని అయ్యాక జిగురు వదిలించడానికీ అదే. పెట్రోలు, థిన్నర్ వాడొద్దు, థిన్నర్ రంగును తినేస్తుంది. ఇంకా నైలాన్ మొన ఉన్న తట్టే పెగ్గు, తేలికపాటి చిన్న సుత్తి, ప్లాస్టిక్ గీకుడు పలక, మైక్రోఫైబర్ గుడ్డలు, వైట్‌బోర్డు మార్కర్, హెయిర్ డ్రయర్.

అన్నిటికన్నా ముఖ్యం లైటు. తెల్లటి ఎల్ఈడీ ట్యూబ్ లైటు ఒకటి, దాని ముందు పెట్టడానికి నల్ల టేపు గీతలు అడ్డంగా అంటించిన పాల రంగు ప్లాస్టిక్ షీటు. ఎస్పీ రోడ్డులో ఎల్ఈడీ పట్టీలు కొని నేను ఇలాంటిదే చేసుకున్నాను. సాధనాల్లో ఎక్కడైనా డబ్బు తగ్గించుకోండి కానీ లైటు దగ్గర మాత్రం తగ్గించుకోవద్దు.

చోటు, వేళ

బేస్‌మెంట్ ఈ పనికి చాలా మంచి చోటు. ఎండ తగలదు, దుమ్ము తక్కువ, సీలింగ్ ట్యూబ్ లైట్లు తలుపు మీద పొడవాటి గీతల్లా ప్రతిఫలిస్తాయి. సెక్యూరిటీ అన్నకు ముందే చెప్పి, పక్క కారు బయటికి వెళ్లే వేళ చూసుకుని కారును గోడకు కాస్త దూరంగా పెట్టుకోండి.

రేకు మరీ చల్లగా ఉండకూడదు, మరీ వేడిగా ఉండకూడదు. 20 నుంచి 30 డిగ్రీల మధ్య జిగురు చక్కగా పనిచేస్తుంది, బెంగళూరు వాతావరణం ఏడాదిలో చాలా రోజులు అలాగే ఉంటుంది. డిసెంబరు, జనవరి పొద్దుల్లో మాత్రం రేకు చల్లబడి ఉంటుంది. అప్పుడు రంగు కూడా బిరుసుగా ఉంటుంది, లాగితే పగిలే ప్రమాదం. హెయిర్ డ్రయర్‌తో చేతికి గోరువెచ్చగా తగిలేదాకా వేడి చేయండి, అరచేయి ఆనించలేనంత వేడి వద్దు. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారైతే దానికి పూర్తిగా వ్యతిరేకం, జిగురు గట్టిపడనే గట్టిపడదు. నీడలో గంటసేపు ఉంచాకే మొదలుపెట్టండి.

జిగురుతో లాగడం

మొదట సొట్ట చుట్టూ అడుగు మేర షాంపూతో కడిగి తుడవండి. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా పుల్లర్ కాలి కింద గీత పడుతుంది. తర్వాత ఆల్కహాల్ తడిపిన గుడ్డతో సొట్టను, ట్యాబ్ అడుగును తుడవండి.

రెండోది గుర్తు పెట్టుకోవడం. గీతల లైటును తలుపుకు పక్కగా పెట్టి మీ తలను అటూ ఇటూ కదపండి. చదునైన రేకు మీద గీతలు తిన్నగా కనిపిస్తాయి. గుంట దగ్గర గీత ఒక వైపు వంగుతుంది, గట్టు దగ్గర దానికి ఎదురు వైపు వంగుతుంది. తొందర పడకుండా పది నిమిషాలు ఊరికే చూస్తూ ఉండండి, కన్ను అలవాటు పడుతుంది. పల్చటి గుడ్డ మీదుగా అరచేయి నిమిరి నిర్ధారించుకోండి. ఉత్త చేతికి తెలియని ఎత్తుపల్లాలు గుడ్డ మీదుగా తెలుస్తాయి. గట్టు ఉన్నచోట మార్కర్‌తో చిన్న అడ్డగీతలు, గుంటలో అన్నిటికన్నా లోతైన చోట చుక్క పెట్టండి.

మూడోది గట్టు మీద మొదటి తట్టు. పెగ్గు మొనను గట్టు మీద నిలువుగా ఆనించి సుత్తితో మెల్లగా తట్టండి. ఎంత మెల్లగా అంటే, వేలితో తలుపు తట్టినంత. ఒకేచోట కాకుండా గట్టు పొడవునా తిరుగుతూ తట్టాలి. ఐదారు తట్లకొకసారి లైటులో చూడండి. వెడల్పాటి సొట్టలో ఈ దశలోనే మధ్య భాగం కాస్త లేచినట్టు కనిపిస్తుంది.

నాలుగోది ట్యాబ్. సొట్ట వెడల్పు కన్నా చిన్నది ఎంచుకోండి. ట్యాబ్ గట్టు మీదికి వెళితే గట్టు కూడా పైకి లేస్తుంది, మీరు చేసిన పని వృథా. గన్ బాగా వేడెక్కాక ట్యాబ్ అడుగున మధ్యలో జిగురు కుప్పలా వేసి, చుక్క గుర్తు మీద ఆనించండి. గట్టిగా అదమకండి. ట్యాబ్‌కూ రేకుకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల జిగురు ఉండాలి, అంచుల్లో కొద్దిగా బయటికి రావాలి. ఆ పొరే లాగే బలాన్ని అంతటా సమానంగా పంచుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ఆగండి. బయటికొచ్చిన జిగురును వేలితో తాకితే చల్లగా, గట్టి రబ్బరులా అనిపించాలి.

ఐదోది లాగడం. పుల్లర్ కాళ్లు సొట్టకు బయట, గట్టి చోట ఆనాలి, వాటి కింద మెత్తటి రబ్బరు ఉండాలి. మర కొద్దికొద్దిగా బిగించండి. బిగువు తెలిశాక అలాగే కొన్ని క్షణాలు ఉంచి, ఆ బిగువు మీదే గట్టు చుట్టూ పెగ్గుతో తట్టండి. నేను నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన చిట్కా ఇది. ఒకవైపు గుంట పైకి లాగుతుంటే, ఇంకోవైపు గట్టు దిగుతూ దారి ఇస్తుంది. తర్వాత మరికాస్త బిగిస్తే ట్యాబ్ టప్పున ఊడుతుంది. భయపడకండి, అది ఊడాలనే చేశారు.

ఆరోది, మిగిలిన జిగురు అంచున ఆల్కహాల్ చుక్కలు వేసి అర నిమిషం ఆగండి. ప్లాస్టిక్ పలకతో నెడితే ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. గోళ్లతోనో చాకుతోనో పీకొద్దు.

ఇప్పుడు లైటు, మార్కర్, మళ్లీ అదే వరస. ఒక్కసారి లాగితే సొట్ట పోదు, పోకూడదు కూడా. ఐదు నుంచి ఇరవైసార్లు లాగవలసి రావచ్చు. ప్రతిసారీ లోతైన చోటు మారుతుంది, ట్యాబ్ సైజు తగ్గుతూ వస్తుంది. ఎక్కడైనా రేకు మామూలు మట్టం కన్నా పైకి లేస్తే కంగారు వద్దు, ఎత్తుగా ఉన్న చోటును తట్టి దించడం గుంటను లేపడం కన్నా సులువు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కావాలనే గుంటను వెంట్రుకవాసి ఎక్కువ లేపి, తర్వాత తట్టి సరిచేస్తారు. వెంట్రుకవాసి కన్నా ఎక్కువ లేపితే మాత్రం రేకు సాగిపోతుంది. సాగిన రేకు చదునుగా కూర్చోదు, నొక్కితే టిక్కున లోపలికి, వదిలితే టక్కున బయటికి వస్తుంటుంది. ఆ శబ్దం వచ్చిందంటే మీ వంతు పని అక్కడితో ఆపేయండి.

కన్ను అలసిపోతే గుంట, గట్టు తారుమారుగా కనిపిస్తాయి. గంటకోసారి లేచి కాఫీ తాగి రండి. నా వెనక తలుపు సొట్టకు మూడు ఆదివారాలు పట్టింది. రెండోవారం ఇంక చాలనుకున్నాను, మూడోవారం చూస్తే ఇంకో పెద్ద వాలు మిగిలే ఉంది.

వెనక నుంచి నెట్టడం

సూదిమొనలాంటి చిన్న సొట్టలకు జిగురు అంతగా పనిచేయదు. వాటిని లోపలి నుంచి కడ్డీతో నెట్టాలి. ఇది చాలా నైపుణ్యం కావలసిన పని, కడ్డీలు కూడా ఖరీదు. ముందుగా ఏదైనా పాత తలుపో బానెట్టో స్క్రాప్‌లో కొని దాని మీద కొన్ని వారాలు సాధన చేయకుండా మీ కారు మీద చేయొద్దు. అయినా పద్ధతి తెలిసి ఉంటే, పని మేస్త్రీకి ఇచ్చినప్పుడు అతను సరిగ్గా చేస్తున్నాడో లేదో మీకు తెలుస్తుంది.

దారి ఒక్కో భాగానికి ఒక్కోలా ఉంటుంది. వెనక ఫెండర్‌కు టెయిల్ లైటు విప్పితే చేయి పడుతుంది. ముందు ఫెండర్‌కు చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ తీయాలి. బానెట్‌కు లోపలి చట్రంలో రంధ్రాలుంటాయి. తలుపుకైతే లోపలి ప్యాడ్ విప్పి, గ్లాసు పూర్తిగా పైకెత్తి పని చేయాలి. తలుపు విప్పే ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి కొన్ని నిమిషాలు ఆగండి. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ తలుపులోనే ఉంటుంది. ప్యాడ్ వెనక అంటించిన ప్లాస్టిక్ పొరను చింపకుండా జాగ్రత్తగా తీయండి. అది సరిగ్గా అంటించకపోతే వానకు నీళ్లు కారులోకి వస్తాయి.

కడ్డీ మొన లోపల ఎక్కడుందో కనుక్కోవడమే సగం పని. లైటు గీతలను చూస్తూ మొనను చాలా మెల్లగా నొక్కి కదిపితే, గీత ఎక్కడ వణుకుతుందో అక్కడే మొన ఉన్నట్టు. మొన గుంట కిందికి చేరాక, అంచు నుంచి మధ్యకు గుండ్రంగా తిరుగుతూ చిన్న చిన్న నొక్కులు ఇస్తూ పోవాలి. మధ్యలోంచి మొదలుపెడితే మొటిమ లేస్తుంది. మంచి మేస్త్రీ ఒక సొట్టకు వందల నొక్కులు ఇస్తాడు, ఒక్కటీ బయటికి కనిపించదు.

అలాంటి మేస్త్రీని వెతుక్కునేటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి. మొదటిది, "అన్నా, కడ్డీ ఎక్కడి నుంచి పెడతావు?" తలుపు అంచున డ్రిల్లుతో రంధ్రం చేస్తానంటే వద్దనండి, ఆ రంధ్రం దగ్గర తుప్పు మొదలవుతుంది. రెండోది, గీతల లైటు ఉందా అని. లైటు లేకుండా కంటి చూపుతో చేస్తానంటే నేనైతే కారు ఇవ్వను. వడగళ్ల వానకు టాప్ నిండా పడిన సొట్టలు, డిజైన్ గీత మీద సొట్టలు, అల్యూమినియం బానెట్, ఇవన్నీ అలాంటి మేస్త్రీకే ఇవ్వండి.

బంపర్, మరికొన్ని చిట్కాల సంగతి

బంపర్ ప్లాస్టిక్ కాబట్టి దాని దారి వేరు. బాగా మరిగిన నీళ్లు మెల్లగా పోసి, చేతులకు గ్లోవ్స్ వేసుకుని వెనక నుంచి నెడితే సొట్ట లేస్తుంది. లేవగానే చల్లటి నీళ్లు పోస్తే ఆ రూపం నిలుస్తుంది. పార్కింగ్ సెన్సార్లు, ఫాగ్ లైట్ల వైర్లు వెనక ఎక్కడున్నాయో ముందే చూసుకోండి.

అదే వేడినీళ్లు స్టీలు తలుపు మీద పోస్తే ఏమీ జరగదు, ఆ వేడికి స్టీలు మెత్తబడదు. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి వెంటనే ఐసుగడ్డ పెట్టే చిట్కా చాలామంది చెబుతుంటారు. గట్టు పట్టి ఉంచిన సొట్ట దానికి కదలదు. పైగా ఒక్కసారిగా వేడి, చల్లదనం తగిలితే రంగే దెబ్బతినొచ్చు. బాత్‌రూమ్ పైపు మూసుకుపోతే వాడే రబ్బరు పంపు (ప్లంజర్) మాత్రం ఒక సందర్భంలో నిజంగా పనికొస్తుంది: తలుపు మధ్యలో వెడల్పుగా, మడత లేకుండా లోపలికి పోయిన సొట్టకు. తడిపి ఆనించి లాగితే ఒక్కోసారి టక్కున వచ్చేస్తుంది. వచ్చాక కూడా చుట్టూ సన్నటి గట్టు మిగులుతుంది, దాన్ని పెగ్గుతో తట్టి దించండి.

చివరి పనులు

సొట్ట పోయాక ఆ భాగాన్ని ఆల్కహాల్‌తో తుడిచి, మార్కర్ గుర్తులు పోగొట్టి, మెత్తటి పాలిష్‌తో చేత్తోనే తేలిగ్గా రుద్దండి. జిగురు మరకలు, పెగ్గు గుర్తులు ఉంటే పోతాయి. గరుకు రబ్బింగ్ కాంపౌండ్ వద్దు, ఇంత కష్టపడి కాపాడిన క్లియర్ కోట్ అరిగిపోతుంది.

మరునాడు పొద్దున్నే కారును బయటికి తెచ్చి ఏటవాలు ఎండలో చూడండి. బేస్‌మెంట్‌లో కనిపించనివి అప్పుడు కనిపిస్తాయి. ఎదుటివాళ్లు మూడడుగుల దూరం నుంచి చూసి పట్టుకోలేకపోతే అక్కడితో ఆపండి. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ లాగితే రేకు సాగుతుంది.

వెనక నుంచి కడ్డీ పెట్టి ఉంటే, మొన గీసుకున్న చోట లోపలి రక్షణ పొర పోయి ఉంటుంది. తుప్పు పట్టకుండా లోపల పూసే మైనం స్ప్రే దొరుకుతుంది, అది ఆ భాగమంతా కొట్టండి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు దానితో మూసుకుపోకుండా చూడండి. ప్లాస్టిక్ పొర అంటించి, ప్యాడ్ క్లిప్పుల్లో విరిగినవి మార్చి, బ్యాటరీ వైరు తగిలించి, గ్లాసు, లాక్, స్పీకర్ పనిచేస్తున్నాయో చూసుకోండి. తర్వాత గ్లాసు ఎత్తి బీడింగ్ మీదుగా రెండు చెంబుల నీళ్లు పోయండి. లోపల మ్యాట్ పొడిగా ఉండి, నీళ్లన్నీ కింది రంధ్రాల్లోంచి కారిపోతే తలుపు సరిగ్గా బిగించినట్టే.